దూరం లెక్క, గాలి లెక్క

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇన్ని కిలోమీటర్లు, విమానం గంటకి 900 పోతుంది, కాబట్టి ఇన్ని గంటలు అని ఎవరైనా ఫోన్లో భాగహారం చేసి తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఊరి చుట్టూ ఉన్న బే ఏరియాలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క వినబడుతుంది. నేలమీద బస్సుకైతే సరే, పైన గాలిని అడక్కుండా గంటలు చెప్పడం కుదరదు.

దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంటుంది. చలికాలంలో దాని వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటిపోతుంది. గోదాట్లో వాలుకి పోయే పడవకీ, ఎదురెక్కే పడవకీ ఎంత తేడానో ఇక్కడా అంతే. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి పోయే విమానాన్ని పడమటి అట్లాంటిక్ దారి మాని, గాలి వాలుకి తూర్పున పసిఫిక్ మీదుగా నడిపింది. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. దూరం పెరిగితే కాలం తగ్గింది! ఇంతకంటే అందమైన లెక్క నాకు తెలీదు.

భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి పడమరకి పోయే విమానమే ముందు చేరాలని వాదించేవాళ్లూ ఉన్నారు. భూమితోపాటు గాలీ తిరుగుతోందని వాళ్లకి ఓపిగ్గా చెబుతూనే ఉంటాను.

అట్లాంటిక్, పసిఫిక్ దారులు రెండూ కాక, అసలు దగ్గరి దారి ఇంకోటుంది. గోడమీది మ్యాపులో అది కనబడదు. గ్లోబు తీసుకుని ఢిల్లీ దగ్గర దారం కొస నొక్కిపట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగండి. దారం ఉత్తరానికి ఎగబాకి, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా దిగుతుంది. సుమారు 12,400 కిలోమీటర్లు. మొదటిసారి చూసినవాళ్లు దారం జారిందేమోనని మళ్లీ లాగి చూస్తారు. ఎన్నిసార్లు లాగినా అంతే.

గ్లోబంటే మా బడి గుర్తొస్తుంది. అక్కడా ఒకటుండేది, హెడ్మాస్టరు గదిలో, అద్దాల బీరువాలో, తాళం వేసి. ఇన్‌స్పెక్టరు వస్తే బల్లమీదికొచ్చేది, ఆయన వెళ్లగానే మళ్లీ లోపలికి. పాడైపోతుందని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. దేశాల రాజధానులు మాత్రం వరసగా బట్టీ పట్టించారు. భూమి గుండ్రంగా ఉందని రాసి మార్కులు తెచ్చుకున్నామే తప్ప, ఆ గుండ్రదనాన్ని ఒక్కరమూ వేలితో తడిమి చూడలేదు. ఆ తాళం మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఈనాటికీ ఎన్ని బళ్లలో గ్లోబులు బీరువాల్లో మగ్గుతున్నాయో! అయ్యా పంతుళ్లూ, వాటిని బయటికి తీయండి. ఐదో తరగతి పిల్లల చేతికిచ్చి, తోడుగా మూరెడు దారం ఇవ్వండి. తిప్పితిప్పి ఇరుసు విరగ్గొడితే విరగ్గొట్టనివ్వండి. ఇంకోటి కొనండి.