ఏసీకి తలంటు ఎప్పుడు?

ఒకప్పుడు బందరులో వేసవి రాత్రి గాలి కావాలంటే కిటికీలు తీసేవాళ్లం. మధ్యాహ్నం పూట వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. రాత్రికి డాబా మీద మడతమంచాలు. ఇప్పుడు గాలి కావాలంటే ముందు కిటికీలు మూసేస్తున్నాం. మూసి, రిమోట్ నొక్కుతున్నాం. తప్పేం లేదు. మే నెలలో వడగాడ్పు కొట్టే రోజుల్లో పెద్దవాళ్లున్న ఇంట్లో ఏసీ అవసరమే. కాకపోతే కిటికీ ఊచల మీద దుమ్ము కంటికి కనిపించేది, తడిగుడ్డ పెట్టి తుడిచేవాళ్లం. ఏసీ లోపలి దుమ్ము మనకు కనిపించదు. కనిపించనిదాని మీద భయమూ ఎక్కువే, బేరమూ ఎక్కువే.

ఎండలు ముదరగానే గేటు దగ్గర కరపత్రాలు, సెల్ ఫోనుకు మెసేజీలు మొదలవుతాయి. మీ ఏసీలో క్రిములున్నాయి, వెంటనే క్లీన్ చేయించుకోండి అని. ఇంట్లో ఎవరైనా రెండుసార్లు దగ్గితే చాలు, అందరి చూపూ గోడ మీది ఏసీ వైపే. ఒకాయన మూడు నెలలకోసారి కడిగించాలంటాడు. ఇంకొకాయన పాడయ్యేదాకా మూత తీయొద్దంటాడు. ఇద్దరి మాటా విని ఏం చేయాలో తెలియక తలపట్టుకునే ఇల్లాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఈ చిక్కుముడి విప్పే దారి నాకు అమెరికా నుంచి వచ్చింది. మా చెల్లెలు అక్కడ ఉంటుంది. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ డక్టులు క్లీన్ చేయించమని ఒకటే పోరుతున్నారు. వందల డాలర్లట. పిల్లాడికేమో జలుబు తగ్గట్లేదు. చేయించేదా?" అని అడిగింది. అక్కడి ఇళ్లకు మనలాగా గదికో ఏసీ ఉండదు. ఇంటి మొత్తానికి ఒకటే యంత్రం. దాన్నుంచి అటక మీదుగా, గోడల్లోంచి రేకు గొట్టాలు ప్రతి గదికీ వెళ్తాయి. వేసవిలో చల్లగాలి, చలికాలంలో వెచ్చటి గాలి వాటిలోంచే వస్తుంది. ఆ గొట్టాలే డక్టులు.

చెల్లెలే వెతికి, వాళ్ల ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ ఏం చెప్పిందో నాకు చదివి వినిపించింది. 1997లోనే ఆ సంస్థ ఈ సంగతి మీద ఒక చిన్న పుస్తకం వేసింది. డక్టులు కడిగిస్తే జబ్బులు రాకుండా ఉంటాయని ఇంతవరకూ ఎక్కడా రుజువు కాలేదని అందులో ఉంది. అంచేత నెలలు లెక్కపెట్టుకుని కడిగించక్కర్లేదు, అవసరం కనిపిస్తే కడిగించమంది. ఆ అవసరాలు ముఖ్యంగా మూడు. లోపల బూజు బాగా పట్టి కళ్లకు కనిపించడం. ఎలుకలో పురుగులో కాపురం పెట్టడం. దుమ్ము పేరుకుని గొట్టం మూసుకుపోవడం లేదా ఆ దుమ్ము గదిలోకి రాలడం. ఇంట్లో వాళ్ల ఆరోగ్యం మీద అనుమానం ఉంటే ముందు డాక్టరును అడగమని కూడా చెప్పింది.

మా చెల్లెలు స్క్రూడ్రైవర్ పట్టుకుని గది గోడకున్న జాలీ విప్పింది. టార్చిలైటు వేసి లోపలికి చూసింది. జాలీ మీద కాస్త దుమ్ము తప్ప లోపల మూడింట్లో ఒక్కటీ లేదు. జాలీ తుడిచి బిగించేసి, యంత్రం దగ్గరుండే ఫిల్టరు కొత్తది వేసి, పిల్లాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

మన ఇళ్లకు ఆ గొట్టాలు లేవు కదా, మనకెందుకీ గొడవ అనుకుంటారేమో. ఆ గొట్టాలు చేసే పనంతా మన స్ప్లిట్ ఏసీ మూడడుగుల పెట్టెలోనే జరుగుతుంది. గదిలో గాలి పై నుంచి లోపలికి వెళ్తుంది. ముందు వల లాంటి ఫిల్టరు, దాని వెనక చల్లటి రాగి గొట్టాలు, వాటికి దువ్వెన పళ్లలా అల్యూమినియం రేకులు, ఆ తర్వాత చక్రంలా తిరిగే బ్లోయర్. అది గాలిని కిందికి తోస్తుంది. చాలామంది ఏసీ బయటి గాలిని తెస్తుందనుకుంటారు. సాధారణ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు. గదిలో గాలినే తిప్పి తిప్పి మనకిస్తుంది. అంటే గదిలో ఏముంటే అదే మళ్లీ మన ముక్కుకి వస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ మూడు గుర్తులూ ఈ కృష్ణా డెల్టాలోనే, మా వాళ్ల ఇళ్లలోనే నాకు ఒక్కోటీ కనిపించాయి.

మొదటిది బూజు. ఇది మా బందరు బాధ. మంగినపూడి సముద్రం మాకు పదకొండు కిలోమీటర్ల లోపే. ఇక్కడ ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారుతుంది, వేయించిన అప్పడం అరగంటలో మెత్తబడుతుంది, వానాకాలంలో తలుపులు ఉబ్బి పట్టేస్తాయి. గాలిలో అంత చెమ్మ. ఆ చెమ్మంతా ఏసీ లోపలి చల్లటి రేకుల మీద నీళ్లయి కారుతుంది. చన్నీళ్ల చెంబు బయట చెమట పట్టినట్టే. ఆ నీళ్లు కింద తొట్టిలోకి, అక్కణ్నుంచి పైపులో బయటికి పోవాలి. తడి, చీకటి, ఫిల్టరు దాటి వచ్చిన సన్నటి దుమ్ము, ఈ మూడూ చేరినచోట బూజుకు పండగే.

మొన్నటి వేసవిలో మా ఏసీ వేసిన మొదటి రెండు నిమిషాలూ ముక్కిపోయిన బట్టల వాసన వచ్చేది. ఫిల్టరు కడిగాను. వాసన పోలేదు. ఏసీ ఆపేసి, మెయిన్ స్విచ్ కట్టేసి, గాలి వచ్చే చోట నుంచి టార్చి వేసి చూశాను. బ్లోయర్ రెక్కల మీద నల్లటి చుక్కలు, జిగట. ఇక ఆలోచించేదేముంది, మెకానిక్‌ను పిలిచాను. బ్లోయర్ దాకా చేయి పెట్టడం మన పని కాదు. పక్కనే కరెంటు బోర్డు ఉంటుంది, నీళ్లు పడితే అదే ఇంకో ఖర్చు. పని అయ్యాక ఆ కుర్రాడు ఒక మంచి మాట చెప్పాడు. "మేడమ్, పొద్దున ఏసీ కట్టేసే ముందు ఓ పావుగంట ఫ్యాన్ మోడ్‌లో పెట్టండి. లోపల తడి ఆరిపోతుంది." అప్పట్నుంచి అదే చేస్తున్నాను. వాసన మళ్లీ రాలేదు.

రెండోది దుమ్ము. ఇది గుడివాడ సంగతి. మా అన్నయ్య ఇల్లు రైస్ మిల్లులకు దగ్గర. ఉప్పుడు బియ్యం చేసే మిల్లుల్లో బాయిలర్ కింద ఊక మండిస్తారు. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి. కోతల రోజుల్లో చేల దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ దానికి తోడు. ఆ ఇంట్లో ఫిల్టరు పది రోజులకే బూడిద రంగు దుప్పటి కప్పుకుంటుంది.

మా అమ్మ అక్కడే ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్లు. ఒక ఏడాది ఫిబ్రవరి నుంచి రాత్రిళ్లు దగ్గు పట్టుకుంది. పడుకున్న గంటకు లేచి కూర్చుని దగ్గేది. ఆయాసం కూడా. అన్నయ్య ఏసీని కడిగించాడు. దగ్గు తగ్గలేదు. నెల తిరక్కుండా మళ్లీ కడిగించాడు. తగ్గలేదు. "మూడోసారి ఇంకో మెకానిక్‌ని పిలుద్దామా?" అంది వదిన. నేను వెళ్లి చూస్తే గాలి ఈడ్చి కొడుతోంది, రేకులు తళతళలాడుతున్నాయి, వాసన లేదు. ఏసీలో ఇంకేం కడుగుతారు?

అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన గుండె, ఊపిరితిత్తులు చూసి మందు రాసిచ్చి, ఒక ప్రశ్న అడిగారు. "వేరే గదిలో పడుకుంటే ఎలా ఉంటుందో చూశారా?" చూడలేదు. ఆ రాత్రి హాల్లో ఫ్యాన్ కింద, దోమతెర కట్టి పడుకోబెట్టాం. దగ్గు బాగా తగ్గింది. రెండో రాత్రీ అంతే. "చూశావా, ఏసీయే!" అన్నాడు అన్నయ్య. నాకు మాత్రం ఆ గదిలో ఏసీ ఒక్కటే ఉందా అనిపించింది. మంచం కింద రేకు పళ్లెంలో దోమల చుట్ట ఉంది. రోజూ వెలిగిస్తారు. తలుపులు వేసి, ఏసీ వేసి, రాత్రంతా.

మూడో రాత్రి అమ్మను మళ్లీ ఆ గదిలోనే పడుకోబెట్టాం. ఏసీ వేశాం. చుట్ట వెలిగించలేదు, దోమతెర కట్టాం. అమ్మ తెల్లవారి ఐదింటిదాకా లేవలేదు.

ఒక దోమల చుట్ట కాలితే వచ్చే సన్నటి పొగ రేణువుల బరువు 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేదానితో సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. ఏసీ గదిలో గాలినే తిప్పుతుందని చెప్పాను కదా. ఆ పొగను రాత్రంతా తిప్పి తిప్పి అమ్మకిచ్చింది. ఏసీలోని వల ఫిల్టరు వెంట్రుకల్ని, నూగును, ముతక దుమ్మును ఆపుతుందే గానీ అంత సన్నటి పొగను ఆపలేదు. ఏసీని పదిసార్లు కడిగించినా అమ్మ దగ్గు తగ్గేది కాదు.

అలాగని గుడివాడలో ఏసీ కడిగించొద్దని కాదు. ఫిల్టరు కడిగినా గాలి మందంగానే వస్తుంటే, గది చల్లబడటానికి మునుపటి కంటే ఎక్కువసేపు పడుతుంటే రేకుల మధ్య దుమ్ము గడ్డకట్టిందని అర్థం. రేకుల మీద మంచు కట్టినా, లోపలి పెట్టె నుంచి నీళ్లు గోడ మీదికి కారినా పిలవాల్సిందే. మొదటిది గాలి ఆడకో గ్యాసు తగ్గో వస్తుంది, రెండోది చాలావరకు పైపు మూసుకుపోయి వస్తుంది.

మూడోది పురుగూ పుట్రా. ఇది దివిసీమలో. ఆ సీమలో గాలి అన్న మాటకు 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత అర్థమే వేరు. నాగాయలంక దగ్గర మా బాబాయి ఇంట్లో మేడగదిలో ఏసీ ఉంది. వేసవి సెలవులకు మనవలొస్తేనే దాన్ని వేస్తారు. మిగతా తొమ్మిది నెలలూ అది ఖాళీ. మనుషులు లేని ఇంట్లో ఎవరుంటారు? కుమ్మరి పురుగులు మట్టిగూళ్లు కట్టాయి. పైపు కోసం గోడకు కొట్టిన కన్నంలోంచి చీమలు బారులు తీరాయి. ఏప్రిల్లో స్విచ్ వేయగానే బయటి పెట్టెలో టకటకమని చప్పుడు. బాబాయి వెంటనే కట్టేసి మంచిపని చేశారు. మెకానిక్ మూత తీస్తే ఫ్యాన్ పక్కన గూడు, బోర్డు మీద చచ్చిన బల్లి. అలాగే నడిపిస్తే బోర్డు కాలిపోయేది. సముద్రపు ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. అల్యూమినియం రేకులు వేలితో తాకితే తెల్లగా పొడి రాలింది. బయటి పెట్టెను వేసవికి ముందూ తర్వాతా మంచినీళ్లతో, మెల్లటి ధారతో కడిగించుకుంటే ఉప్పు నిలవదు. పైపు కన్నాన్ని పుట్టీతో పూడిస్తే చీమలు రావు.

మెకానిక్‌ను పిలిచాక చూసుకోవాల్సినవీ కొన్ని ఉన్నాయి. ముందు ఎంసీబీ కట్టేయించండి. కడిగే ముందు, కడిగిన తర్వాత టార్చి వేసి మీకు చూపించమనండి. ఘాటు యాసిడ్లు వద్దనండి, అవి రేకుల్ని తినేస్తాయి. చివర్లో తొట్టిలో మగ్గుడు నీళ్లు పోసి, బయట పైపులోంచి వస్తున్నాయో లేదో చూడండి. "గ్యాసు తగ్గింది, నింపాలి" అంటే ఒక్క క్షణం ఆగండి. గ్యాసు స్కూటర్లో పెట్రోలు లాంటిది కాదు, అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు వెతక్కుండా నింపితే వచ్చే ఏడాదికి మళ్లీ అదే పాట.

ఇంట్లో కూలర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. దానికి మెకానిక్ అక్కర్లేదు గానీ బద్ధకం మాత్రం పనికిరాదు. తొట్టిలో నిలవ నీళ్లు డెంగీ దోమకు పురిటిగది. వారానికోసారి నీళ్లు పూర్తిగా పారబోసి, తొట్టి గోడలు రుద్ది ఆరబెట్టాలి.

మొత్తం మీద నాకు అర్థమైంది ఇంతే. ఫిల్టరు కడగడం మన పని, రెండు వారాలకోసారి, గుడివాడ లాంటి చోట ఇంకా ముందే. కుళాయి కింద పెట్టి, నీడలో ఆరబెట్టి బిగించడానికి పది నిమిషాల పని. లోపల కడిగించడం మెకానిక్ పని. ఆయన్ను ఎప్పుడు పిలవాలో మన ముక్కూ, కన్నూ, చెయ్యీ చెబుతాయి. ఇక ఒంట్లో బాగోలేకపోతే అది డాక్టరు పని. మా ఇంట్లో ఈ మూడు పనులూ కలిసిపోయి, అమ్మ రెండు నెలలు నిద్రలేకుండా గడిపింది. ఇప్పుడు గుడివాడలో ఆదివారం పూట ఫిల్టరు కడిగే డ్యూటీ మా మేనల్లుడిది. సాయంత్రం మిల్లుల వైపు గాలి లేనప్పుడు వదిన కిటికీలు బార్లా తీస్తుంది. రాత్రి దోమతెర అంచులు పరుపు కిందికి దోపేది మాత్రం అమ్మే. ఆ పని ఇంకెవరు చేసినా ఆవిడకు నచ్చదు.