సైలెన్సరు గొడవ

కోయంబత్తూరులో నిలదొక్కుకున్న మన తెలుగువాళ్లకు మోటార్ల మోజు కొత్తది కాదు. జి. డి. నాయుడుగారు 1920లో పొల్లాచి, పళనిల మధ్య బస్సు నడిపిన నాటినుంచీ యీ వూళ్లో యంత్రమంటే వొక గౌరవం. పందెపు కార్లు తయారుచేసి, 1995లో విమాన ప్రమాదంలో పోయిన కరివర్ధన్‌గారి పేరు మీద 2003లో చెట్టిపాళయంలో స్పీడ్‌వే కూడా వెలిసింది. కాబట్టి పంపుల కంపెనీలో పనిచేసే మా అన్నగారి అబ్బాయి వొకరు వాడిన పోలో జి.టి. కారు కొంటే మేమెవరమూ ఆశ్చర్యపడలేదు. నెల తిరక్కుండా దాని గొంతు మారినప్పుడే ఆశ్చర్యపడ్డాం.

వెనకాల వున్న సైలెన్సరు తీయించి వట్టి గొట్టం పెట్టించాడు. అంతటితో ఆగక, ముందు భాగంలో వుండే కేటలిటిక్ కన్వర్టరు కూడా తీయించాడు. తెల్లవారుజామున అయిదింటికి బండి స్టార్టు చేస్తే మా వీధిలో కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఎదురింటి పసిబిడ్డ వులిక్కిపడి లేచేది. ఎనభై దాటిన మా అమ్మ గుండెమీద చెయ్యి వేసుకుని కూర్చునేది. అన్నయ్య వొక్కసారి గట్టిగా కేకలేశాడు. ఆ తరువాత తండ్రీకొడుకులకు మాటలు లేవు. వొకే యింట్లో, వొకే పంక్తిలో కూర్చుని, చారు కావాలన్నా వదినద్వారా అడిగించుకోవడం! కారు శబ్దంకన్నా ఆ నిశ్శబ్దమే మాకు యెక్కువ బాధ కలిగించింది.

మేము గుమాస్తా వుద్యోగస్థులం. రెండు పక్షాలూ వినందే ఫైలు మీద సంతకం పెట్టించడం మాకు అలవాటు లేదు. అందుచేత అబ్బాయిని పిలిచి, “యిందులో లాభమేమిటో మాకూ చెప్పరా” అన్నాం.

“చిన్నాయనా, యింజను పొగను బయటికి తొయ్యడానికి కొంత శ్రమపడుతుంది. దారి ఖుల్లా అయితే ఆ శ్రమ తగ్గుతుంది. మన బండిలో టర్బో వుంది. పొగ వేగంగా పోతే దాని చక్రం త్వరగా తిరుగుతుంది” అన్నాడు.

అది అబద్ధం కాదు. కాని పూర్తి లెక్కా కాదు. పొగ వూపిరి వూపిరిగా, దెబ్బ దెబ్బగా వస్తుంది. సైలెన్సరులోని గదులు ఆ శబ్దపు అలలను వెనక్కి కొట్టి వొకదానితో వొకటి చెల్లిపోయేటట్టు చేస్తాయి. కొన్నింటిలో గాజునూలు శబ్దాన్ని పీల్చుకుంటుంది. చివరి డబ్బా వొక్కటే తీసేస్తే వచ్చే బలం బహు కొద్ది. శబ్దం మాత్రం దండిగా వస్తుంది. యిక కన్వర్టరులో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత వుంటుంది. అది విషవాయువులను చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా, నత్రజనిగా, నీటి ఆవిరిగా మారుస్తుంది. 1995లో మద్రాసుతో సహా నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దాన్ని తప్పనిసరి చేసింది వూరికే కాదు.

చట్టం సంగతీ చూశాం. 2000 సంవత్సరపు శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 దాటరాదు. పది డెసిబెల్సు పెరిగితే శబ్దశక్తి పదింతలైనట్టు. రాత్రి అంటే పది మొదలు ఉదయం ఆరు దాకా. అబ్బాయి అయిదింటి ప్రయాణం ఆ లెక్కలోనిదే. 2019 సవరణ తరువాత, రోడ్డుమీద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరి బండి నడిపితే మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

యివన్నీ చెప్పినా వాడు తల వంచుకుని విన్నాడే గాని వొప్పుకోలేదు. మా అమ్మ మాత్రం వొక్క మాట అడిగింది: “నీ బండి బాగా పరుగెత్తితే నీకు తెలిస్తే చాలదా నాయనా? వూరందరినీ లేపి చెప్పాలా?”

వాడు నవ్వాడు. ఆ నవ్వుతో సగం పని అయింది.

మిగిలిన సగం డబ్బుతో వచ్చింది. పాత సైలెన్సరు దొరికింది గాని, కన్వర్టరును షాపువాడు అప్పటికే అమ్ముకున్నాడు. అందులోని లోహాలకు విలువ వుంది మరి! కొత్తది కొనాలంటే అబ్బాయి జీతం చాలదు. వారం రోజులు వాడు కారు తీయక బస్సులోనే వెళ్లాడు. ఎనిమిదోనాడు అన్నయ్య మాట్లాడకుండా సగం సొమ్ము భోజనాల బల్లమీద పెట్టాడు. అబ్బాయి లెక్కపెట్టకుండా తీసుకుని, “నైనా, షాపుకు నువ్వూ రా” అన్నాడు. యిద్దరూ వెళ్లారు. మధ్యాహ్నం తిరిగి వచ్చినప్పుడు కారు వచ్చిన చప్పుడే మాకు వినబడలేదు. వాళ్లిద్దరి మాటలే గుమ్మందాకా వినబడ్డాయి.

యంత్రమంటే యిష్టపడే పిల్లలను చీవాట్లతో అణచనక్కరలేదు. వేగం చూడాలంటే పందెపు బాట వుంది, అక్కడికి పంపుదాం, వీలైతే మనమూ వెంట వెళదాం. కాని వీధి అందరిదీ. అక్కడ పసిపిల్లల నిద్రకూ, ముసలివాళ్ల గుండెకూ మొదటి హక్కు. ఆ సంగతి యింట్లో పెద్దలు నెమ్మదిగా చెపితే, పోలీసువారు జరిమానా రసీదుతో చెప్పవలసిన అవసరం రాదు.