ఫిబ్రవరిలో గుల్మార్గ్

జనగామ నుంచి మేము, మహబూబాబాద్ నుంచి బావ వాళ్లు, భూపాలపల్లి నుంచి చెల్లె వాళ్లు. అందరం కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి విమానంలో శ్రీనగర్. గుల్మార్గ్‌లో పిల్లలకు స్కీయింగ్ నేర్పించాలని గట్టిగా అనుకున్నం.

గుల్మార్గ్ ఊరే దాదాపు 2,650 మీటర్ల ఎత్తు. గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కితే అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటుతం. అందుకే మొదటి రోజు పూర్తిగా విశ్రాంతి, తర్వాత కింది వాలు మీదనే శిక్షణ. కాటన్ బట్టలు తడిస్తే తొందరగా ఆరవు. లోపల థర్మల్స్, కాళ్లకు ఉన్ని సాక్సులు. స్కీలు, బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతయి. గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలె.

మన పక్కనే ఉన్న భువనగిరి గుట్ట మీద శిక్షణ తీసుకున్న మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. మన పిల్లలకు కూడా మంచుకొండలు అందాలె. ఇదివరకు పోయొచ్చినవాళ్లు మంచి శిక్షకులుంటే చెప్పండి.