చలికాలం కంబల్

మా చోటా బేటా ట్యూషన్లు చెప్పి పద్నాలుగు నెలలు దాచుకున్న పైసలతో, జనవరిలో సికింద్రాబాద్ సీటీసీకి పోయి కంప్యూటర్ సామాను తెచ్చుకున్నాడు. దుకాణంలోనే జోడించి ఇస్తారు కదరా అంటే, "లేదు అమ్మీ, నా చేతులతోనే చేస్తా" అని జిద్ పట్టాడు. ఫర్ష్ చల్లగా ఉందని మందపాటి సింథటిక్ కంబల్ తెచ్చి పరిచింది నేనే. సామానుకు గీతలు కూడా పడవు కదా అనుకున్నా. నైలాన్ దుపట్టా కప్పుకుని వాడి పక్కనే కూచుని ఒక్కో డబ్బా విప్పాను. ర్యామ్‌ను వెండిరంగు కవర్లోంచి తీసి అందిస్తుంటే చిటుక్కుమంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మగ్రిబ్ దాటాక బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. రాత్రి పదకొండు దాకా విప్పాడు, బిగించాడు. నేను ఊరుకున్నానా? "చెప్పిన మాట వినవు, మెహనత్ అంతా బర్బాద్ చేసుకున్నావు" అన్నాను. వాడు ఖామోష్‌గా అన్నం వదిలేసి పడుకున్నాడు.

మర్నాడు రిపేర్లు చేసే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాం. ఇంకో ర్యామ్ పెట్టగానే తెర వెలిగింది. "దేని మీద పెట్టి జోడించావు?" అని అడిగాడతను. బేటా నా వైపు చూడకుండా "నేల మీద, భాయ్" అన్నాడు. కంబల్ పేరెత్తలేదు.

ఆ చిటుకే దాన్ని చంపిందని ఖచ్చితంగా చెప్పలేమట. కానీ చలికాలం పొడిగాలిలో సింథటిక్ బట్ట మీద కూచుని కదులుతుంటే ఒంట్లో వేల వోల్టులు చేరతాయి. మన వేలికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. కొన్ని చిప్పులకు 100 కూడా ఎక్కువే. అంటే మనకు తెలియకుండానే ఖతం. ఒక్కోసారి అప్పటికప్పుడు చావదు, లోపల జఖమై నెలల తర్వాత మొరాయిస్తుంది. అది ఇంకా బాధ.

కొత్త ర్యామ్‌కు పైసలు నా చిట్టీలోంచి ఇచ్చాను. బిగించే రోజు దస్తర్ఖాన్ పరవబోతే, ప్లాస్టిక్‌ది, అదీ వద్దన్నాడు. చెక్క మేజా, కాటన్ కుర్తా. చేతికి పట్టీ, దాని తీగ క్యాబినెట్‌లో రంగు లేని ఇనుముకు తగిలించాడు. ఒంట్లో చేరింది ఎప్పటికప్పుడు అందులోకి పోతుందట, మనిషికీ క్యాబినెట్‌కీ తేడా ఉండదట. కరెంటు కొడితేనో అని నాకు ఫికర్. పట్టీలో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, 230 వోల్టులు తగిలినా పావు మిల్లీ యాంపు కూడా పారదన్నాడు. అయినా నేను ప్లగ్గు పీకించాను. ఎర్త్ కోసం ప్లగ్గు ఉంచమంటారు కొందరు. మా పాత ఇంట్లో బోర్డు విప్పి చూస్తే మూడో రంధ్రానికి తీగే లేదు! పట్టీ లేనివాళ్లు మాటిమాటికీ ఆ ఇనుమును ముట్టుకుంటున్నా చాలావరకు నయం. సామాను చివరి నిమిషం దాకా కవర్లోనే ఉండాలి, పట్టుకుంటే అంచులే పట్టుకోవాలి.

అలవాటుగా ర్యామ్ కవర్ మీద చెయ్యి వేశాను.

"ఆగు అమ్మీ, ముందు ఇది ముట్టుకో" అని క్యాబినెట్ చూపించాడు. ముట్టుకున్నాను.

"కంబల్ సంగతి ఆ భాయ్‌కి ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు పక్కనే ఉన్నావు కదా" అన్నాడు, తలెత్తకుండా క్లిప్పులు నొక్కుతూ.