స్క్రీను ఇటు తిప్పండి

మా ప్రహరీగోడకి అటు వదినగారు, ఇటు నేను, గోడ మీదకి వాలిన వాళ్ళ కరివేపాకు చెట్టు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే ఏర్పాటు. కొత్తగా వచ్చి చేరిందల్లా వీధి చివర శెట్టిగారి కొట్లో అరిచే డబ్బా.

పొద్దున్నే ఏడింటికి మొదలెడుతుంది. "అరవై రూపాయలు అందాయి" అని ఆ గొంతు మా రెండిళ్ళ పెరళ్ళ దాకా వినిపిస్తుంది. వినగా వినగా ఎంతకి ఎవరు ఏం కొన్నారో పోల్చుకునేంత ప్రజ్ఞ వచ్చేసింది మాకు. మొన్న "నలభై రూపాయలు" అని వినబడగానే వదినగారు బట్టలారేస్తున్న చెయ్యి ఆపి, "మా ఆయనే. మళ్ళీ జంతికలు. బీపీ మనిషి!" అన్నారు. ఐదు నిమిషాలకి అన్నయ్యగారు వట్టి చేతులతో, మీసాల్లో జంతిక నలుసుతో గేటు తీసుకుని వచ్చారు.

శెట్టిగారికి మాత్రం ఆ డబ్బా దేవుడిచ్చిన గుమాస్తా. "అంతకుముందు ఒక చేత్తో కందిపప్పు తూస్తూ ఇంకో చేత్తో ఫోను చూసుకునేవాణ్ణమ్మా. కుర్రాళ్ళు వాళ్ళ ఫోను ఇలా చూపించి అలా బండెక్కేవారు. రాత్రి లెక్క చూసుకుంటే తక్కువొచ్చేది" అని చెప్పారోసారి. డబ్బు కట్టినట్టు ఉత్తుత్తి బొమ్మ చూపించే యాపులు కూడా ఉన్నాయిట. డబ్బా దగ్గర ఆ ఆటలు సాగవు. దాని కడుపులో సొంత సిమ్ము ఉంది. కంపెనీ కంప్యూటరు నుంచి కబురొస్తేనే నోరు విప్పుతుంది, కొన్నవాడి ఫోనులో ఏం మెరుస్తోందో దానికి అక్కర్లేదు. రాత్రికి రాత్రి ఎవడైనా కొట్టువాళ్ళ క్యూఆర్ కాగితం మీద తన కాగితం అంటించిపోయినా, పొద్దున్న మొదటి బేరానికే డబ్బా నోరు మెదపదు, దొంగతనం బయటపడిపోతుంది.

"ఈ యూపీఐ వచ్చిన కొత్తలో గుర్తుందా వదినగారూ? 'పడిందా?' అని నేను, 'ఇంకా రాలేదమ్మా' అని శెట్టిగారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడేవాళ్ళం. నేను కట్టలేదేమోనని ఆయనకి, రెండోసారి కట్టమంటారేమోనని నాకు. ఇప్పుడు ఆ మాట ఇద్దరి చెవినా ఒకేసారి పడుతోంది చూడండి, అదే నాకు నచ్చింది" అన్నాను.

"వీధి చెవిన కూడా పడుతోందిగా" అన్నారు వదినగారు.

"మహేష్ బాబు గొంతుతో కూడా చెప్పిస్తున్నారుట ఫోన్‌పే వాళ్ళు, 2024 నుంచి."

"అయితే శెట్టిగారిని అడిగి అదే పెట్టించండి. మా ఆయన జంతికలు తింటే మహేష్ బాబు పేరు పెట్టి చెబుతాడు."

అసలు నేను చెప్పాలనుకున్నది డబ్బా సంగతి కాదు, బంగారం సంగతి.

వదినగారి కోడలికి వచ్చే నెల సీమంతం. గాజుల జత చేయిద్దామని వాళ్ళమ్మగారి నానుతాడు బయటికి తీశారు. నాలుగు కాసుల తాడు, కొక్కెం దగ్గర అరిగిపోయి మెళ్ళో వేసుకోడానికి లేదు. మార్చి కొత్తవి తెచ్చుకుందామని ముందు ఓ పెద్ద షాపుకి వెళ్ళారు. పేరెందుకు లెండి. లోపల అడుగు పెట్టగానే బాదంపాలు, ఆ వెంటనే ఫోను నంబరు, పుట్టినరోజు, పెళ్ళిరోజు. అన్నీ ట్యాబులో ఎక్కించుకున్నాకే కూర్చోబెట్టారుట. తాడు తీసుకుని ఓ యంత్రంలో పెట్టాడు కుర్రాడు. దాని స్క్రీను వాడి వైపే తిరిగి ఉంది. చూసి, "నూటికి ఎనభై రెండు వస్తోందండీ" అన్నాడు.

"ఎనభై రెండేంటి బాబూ, ఓసారి ఇటు తిప్పు" అన్నారీవిడ.

"తిరగదండీ, సిస్టం అలా ఫిక్సు చేశారు."

వదినగారు బాదంపాలు పూర్తిగా తాగి (అది ఆవిడ పద్ధతి, వదిలేస్తే పాపం అంటారు), తాడు పర్సులో వేసుకుని లేచి వచ్చేశారు.

రెండోది మెయిన్‌రోడ్డులో చిన్న షాపు. అక్కడా అదే రకం యంత్రం. కానీ దాని స్క్రీను గల్లాపెట్టె మీద, మనకి ఎదురుగా ఉంది. షాపాయన తాడుని మూడు చోట్ల పెట్టి చూశాడుట. కడియాల మీద ఎనభై తొమ్మిది, టంకం వేసిన చోట ఎనభై, కొక్కెం దగ్గర ఇంకోటి. "ఏది నిజం?" అని ఈవిడ అడిగితే ఆయన చెప్పాడుట: "మూడూ నిజమేనమ్మా. ఇది కిరణాలతో పైపొర మాత్రమే చదువుతుంది. టంకం ఉన్నచోట తక్కువ చూపిస్తుంది. తాడు మొత్తం సంగతి తెలియాలంటే కరిగించి చూడాలి. మీరు ఊఁ అంటే మీ ముందే కరిగిస్తా. వద్దంటే తాడు మీ చేతిలో పెట్టేస్తా, నాకేం ఇవ్వక్కర్లేదు."

ఇంతవరకూ చెప్పి వదినగారు కరివేపాకు రెబ్బ ఒకటి తుంచి, ఆకులన్నీ ఒక్కొక్కటే గోడ మీద దులిపారు.

"ఊఁ అన్నాను. మూసలో వేసి మంట పెట్టాడు. మా అమ్మ తలంటు రోజున మాత్రమే తీసేది దాన్ని. ముందు కడియాలు విడివిడిగా ఎర్రబడ్డాయి, తరవాత ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, తరవాత అన్నీ కలిసి బొట్టైపోయాయి. చల్లార్చి నా ముందే తూచాడు. మళ్ళీ యంత్రంలో పెడితే ఎనభై ఎనిమిది."

అమ్మగారి తాడు ఇరవై రెండు కారెట్లు కాదని తేలింది కదా, బాధ కలగలేదా అనడిగాను. "కలిగింది. కానీ నా కళ్ళతో చూశాను కదా. ఆ మొదటివాడు తొంభై అన్నా నేను నమ్మేదాన్ని కాదు" అన్నారు.

పూర్వం మాత్రం మనం చూడలేదా అంటే చూశాం. మా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆచారిగారు నల్లటి గీటురాయి మీద నగని గీసి, పక్కనే తెలిసిన బంగారం కడ్డీ గీసి, ఆ రెండు గీతల మీదా ఆమ్లం చుక్కేసి ఏది నిలిచిందో చూసేవారు. మా అమ్మ పక్కనే కూర్చుని చూసేది. గీత కనిపించేది కానీ ఆ గీతని చదివే కన్ను ఆచారిగారిదే. ఆయన తల ఊపితే అమ్మ తల ఊపేది. ఆచారిగారు మంచివాడు కనక సరిపోయింది.

సరే, గాజులు వచ్చాయి. గోడ మీద తువ్వాలు పరిచి, దాని మీద గాజులు పెట్టి, అన్నయ్యగారి భూతద్దం పట్టుకుని ఇద్దరం మొన్న మధ్యాహ్నమంతా అదే పని. గాజు లోపలివైపు వెంట్రుకంత సన్నగా మూడు గుర్తులు చెక్కి ఉన్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ వాళ్ళ త్రికోణం, పక్కన 22కె916, ఆ పక్కన అక్షరాలూ అంకెలూ కలగలిసి ఆరు. 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు మేలిమి బంగారం అని. ఆ ఆరక్షరాల్నే హెచ్‌యూఐడీ అంటున్నారు. అంతకుముందు నాలుగు గుర్తులుండేవి, షాపువాళ్ళ ముద్రా పరీక్ష చేసిన కేంద్రం ముద్రా విడివిడిగా. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరక్షరాలు లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ అనే యాపు దింపుకుని ఈ ఆరూ కొడితే ఆ నగ జాతకం చెబుతుంది.

కొట్టాం. అలాంటి నగ లేదంది.

వదినగారి మొహం చూడాలి! చేతిలో గాజుని పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. "స్క్రీను తిప్పి మరీ మోసం చేశాడా ఏమిటి?" మళ్ళీ కొట్టాం. మళ్ళీ లేదు. షాపుకి ఫోను చేద్దామని ఆవిడ, కాస్త ఆగండని నేను. చివరికి ఫోను కెమెరాతో పెద్దది చేసి చూస్తే, మేం ఎనిమిది అనుకున్నది ఎనిమిది కాదు, ఇంగ్లీషు బీ. అది సరిచేసి కొట్టగానే వచ్చేసింది: గాజు అని, 22కె916 అని, అమ్మినవాళ్ళ రిజిస్ట్రేషను, పరీక్షించిన కేంద్రం పేరు, తేదీ. వదినగారు గాజుని కళ్ళకద్దుకున్నారు. రెండో గాజుకి అక్షరాలు వేరే. జత కదా, ఒకటే ఉండదా అన్నారు. ఉండదు, ఏ నగ జాతకం దానిదే.

"అప్పటికీ అనుమానం తీరకపోతే?"

"హాల్‌మార్కు కేంద్రానికి మనమే పట్టుకెళ్ళచ్చు వదినగారూ. నాలుగు నగల దాకా 200 రూపాయలు, పైన పన్ను. ముద్రలో చెప్పినదానికంటే బంగారం తక్కువని తేలితే, ఆ తక్కువైనదాని విలువకి రెండింతలు షాపువాడు మనకి కట్టాలి, పరీక్ష ఖర్చుతో సహా."

"మరి తరుగు, మజూరీ?"

"అవి ఆ ఆరక్షరాల్లో ఉండవు."

"తెలుసు. అందుకే గంటన్నర కూచున్నా" అన్నారు వదినగారు. తరుగు బేరంలో ఆవిడ ముందు ఏ యంత్రమైనా దిగదుడుపే.

ఇంతలో ఆవిడ ఫోను టింగుమంది. చూసి నాకు చూపించారు. ఆ మొదటి షాపువాళ్ళు! కేకు బొమ్మ, బెలూన్లు, ఆవిడ పేరు తెలుగులో, పుట్టినరోజు శుభాకాంక్షలు, మజూరీలో ప్రత్యేక రాయితీ.

"ఇవాళ మీ పుట్టినరోజా?"

"జూలై ఒకటి. బళ్ళో వేసినప్పుడు మాస్టారు రాసుకున్న పుట్టినరోజు. నేను పుట్టింది సంక్రాంతి వెళ్ళిన మర్నాడు. ఆ ట్యాబువాడికి ఆధారులో ఉన్నదే చెప్పాను."

నంబరు ఎందుకిచ్చారు అని కోప్పడ్డాను. ఇవ్వకపోతే కంప్యూటరు ముందుకి కదలదన్నాడుట. 2023 మే నెలలోనే కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాల వాళ్ళకి చెప్పింది, బిల్లుకి ఫోను నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టొద్దని. ఆ మాట కంప్యూటరుకి ఇంకా చేరినట్టు లేదు. వాళ్ళ మెసేజీలో "మా కుటుంబ సభ్యులైన మీకు" అని కూడా ఉంది. కుటుంబ సభ్యురాలికి స్క్రీను మాత్రం తిరగదు.

నా గోడు కూడా అప్పుడే వెళ్ళబోసుకున్నాను. నేనూ ఓ నగల షాపులో నెలనెలా కట్టే స్కీము వేశాను, వేరే షాపులెండి. ఓ నెల కట్టడం మర్చిపోయాను. ఏమవుతుందో కనుక్కుందామని వాళ్ళ వాట్సాప్‌లో అడిగితే తక్షణం జవాబొచ్చింది, చక్కటి తెలుగులో: "మీ ప్రశ్న మాకెంతో ముఖ్యం." ఆ తరవాత అక్షయ తృతీయ ఆఫర్లు. మళ్ళీ అడిగాను. కొత్త నెక్లెసుల వీడియో పంపింది. "మనిషితో మాట్లాడాలి" అని రాశాను. షాపు ఎక్కడుందో మ్యాపు పంపింది! ఆ ఒక్కటీ మాత్రం సరైన జవాబే, ఎందుకంటే చివరికి ఆటో ఎక్కి అక్కడికే వెళ్ళాల్సొచ్చింది. కౌంటర్లో అమ్మాయి రెండు నిమిషాల్లో తేల్చేసింది.

"అది తప్పుడు జవాబు చెబితే ఎవరిది పూచీ?" అన్నారు వదినగారు. మంచి ప్రశ్న. మా పెద్దాడు వాంకూవర్లో ఉంటాడు, అక్కడి కథ చెప్పాను. బామ్మ పోయిందని ఒకతను వాంకూవర్ నుంచి టొరంటో వెళ్ళాలి. చావుకి వెళ్ళేవాళ్ళకి ఎయిర్ కెనడాలో టిక్కెట్టు ధర తగ్గిస్తారు. వాళ్ళ సైటులో మాట్లాడే మరని అడిగితే, ముందు మామూలు ధరకి కొనుక్కుని వెళ్ళండి, తొంభై రోజుల్లోపు అర్జీ పెట్టుకోవచ్చంది. తీరా పెట్టుకుంటే కుదరదన్నారు. అతను చిన్న వివాదాలు తీర్చే ట్రిబ్యునల్‌కి వెళ్ళాడు. అక్కడ కంపెనీ ఏం వాదించిందనుకున్నారు? ఆ మర చెప్పిన మాటకి మరే బాధ్యురాలు, మేం కాదన్నట్టు వాదించింది. 2024 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. మీ సైటులో ఉన్న మాట మీదే అని, వడ్డీ ఖర్చులు కలిపి 812 డాలర్లు ఇప్పించారు.

వదినగారు పకపకా నవ్వారు. "గుమాస్తా ఒప్పుకున్న బేరం నాది కాదని షావుకారు అంటే మా శెట్టిగారి కొట్టు రెండో రోజుకి మూసుకోవాలి కదండీ!"

గాజులు తువ్వాల్లో చుట్టారు. లోపలికి వెళ్ళబోతూ నా మొహంలోకి చూసి, "మీ ముక్కుపుడకకి ఉన్నాయా ఆ ఆరక్షరాలు?" అన్నారు.

లేవు. రెండు గ్రాముల లోపు వాటికి ఆ నిబంధన వర్తించదు. పైగా ఇది మా అమ్మ నాకు ఆచారిగారి చేత చేయించినది, ముప్పై ఏడేళ్ళయింది, ఎక్కడా ఏ ముద్రా లేదు. మర వదులైంది, నెల్లాళ్ళుగా రోజూ రాత్రి దిండు కింద వెతుక్కుంటున్నాను.

"రేపు ఆచారిగారి అబ్బాయి దగ్గరికి వెళుతున్నా, బిగించమని ఇచ్చి రావాలి" అన్నాను.

"దగ్గరుండి చేయించుకుంటారా?"

"అబ్బే, ఇచ్చేసి కూరలకి వెళతా."

వదినగారు ఏదో అనబోయారు. శెట్టిగారి డబ్బా "నలభై రూపాయలు అందాయి" అంది. గాజుల తువ్వాలు చంకలో పెట్టుకుని గేటు వైపు పరిగెత్తారు.