మాచు పిచ్చుకు ప్రయాణం కట్టేముందు

పిల్లలూ! మీలో ఎవరైనా అమ్మానాన్నలతో దూరదేశానికి ప్రయాణం కడుతున్నారా? అయితే ముందు ఈ ముసలి మాస్టారి మాట వినండి. చేతినిండా డబ్బు తీసుకుని వెళ్ళి, తెలిసిన పాఠాన్ని ఇంట్లో మరచిపోయిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఆ కుటుంబం మాదే.

దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉన్నది. అట్లాసు తీసి చూడండి. దాని పడమటి అంచున పసిఫిక్ మహాసముద్రం. ఒడ్డు నుంచి కొంచెం లోపలికి పోగానే ఆండీస్ పర్వతాలు మొదలవుతాయి. ఆ పర్వతాలలో 2,430 మీటర్ల ఎత్తున, రెండు శిఖరాల నడుమ, మాచు పిచ్చు అనే పాడుపడిన నగరం ఉన్నది. అక్కడివారి కెచువా భాషలో ఆ పేరుకు 'ముసలి శిఖరం' అని అర్థం. ఇంకాలు అనే జాతివారు, పచకుతి అనే చక్రవర్తి కాలంలో, సుమారు 1450 ప్రాంతంలో దానిని కట్టారు. సుమారు నూరేళ్ళకే దానిని విడిచి వెళ్ళిపోయారు. 1532లో స్పెయిన్ సైనికులు పెరూ మీదికి వచ్చి ఇంకాల రాజ్యాన్ని కూలదోశారు గాని, ఈ నగరాన్ని పాడుచేయలేదు. చుట్టుపక్కల రైతులకు దాని సంగతి తెలుసు. 1911లో హైరం బింగ్‌హాం అనే అమెరికన్ ఆచార్యుడు అక్కడికి వెళ్ళినప్పుడు, శిథిలాల మధ్య ఆయనకు దారి చూపినది ఒక రైతుబిడ్డ. ఆ తరవాతనే దాని పేరు ప్రపంచమంతటా మోగింది.

మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 జూన్ నెలలో నన్నూ, మా ఇంటావిడనూ పిలిపించి, "నాన్నగారూ, మిమ్మల్ని కష్టపెట్టను. మాచు పిచ్చు చూపిస్తాను. అన్నీ మొదటి తరగతి ఏర్పాట్లే!" అన్నాడు. ఖరీదైన హోటలు, కూర్చున్నచోటికే భోజనం తెచ్చే రైలు, గుమ్మం ముందు కారు, మాకోసమే ఒక గైడు. అయితే వాడికి సెలవు తక్కువ. అందుచేత అంతా నాలుగు రోజులలో ఇమిడ్చాడు.

సముద్రపు ఒడ్డున ఉన్న లీమా నగరంలో విమానం ఎక్కి, గంటన్నర తిరక్కుండా కుస్కోలో దిగాము. కుస్కో ఒకప్పుడు ఇంకాల రాజధాని. దాని ఎత్తు సుమారు 3,400 మీటర్లు. అంటే మన తిరుమల కొండకు దాదాపు నాలుగింతలు!

హోటలు గదిలో మా మనవడు సంచీ తెరిచి ఒక్క కేక వేశాడు. "తాతయ్యా, కారప్పూస పొట్లం చూడు! బంతిలా ఉబ్బిపోయింది!"

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. వెంటనే పాఠం మొదలుపెట్టాను. "గాలికి బరువున్నది గదా! మనం పైకి వెళ్ళినకొద్దీ మన మీద ఉండే గాలి తగ్గుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. ఇక్కడి ఒత్తిడి సముద్రపు ఒడ్డున ఉండే దానిలో మూడింట రెండు వంతులే. పొట్లంలోని గాలి మాత్రం కింద మూసినది. బయటినుంచి అదిమే బలం తగ్గింది కనుక అది ఉబ్బింది. ఇక్కడ నీళ్ళు కూడా 100 డిగ్రీల దాకా కాగవు, సుమారు 89 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో అన్నం ఉడకటం ఆలస్యం. అర్థమైందా?"

"అయింది తాతయ్యా" అన్నాడు వాడు.

అర్థం కానిది నాకే! గాలి మూడింట రెండు వంతులైతే, మనం పీల్చే ఒక్కొక్క ఊపిరిలో అందే ప్రాణవాయువూ మూడింట రెండు వంతులే. ఒంటికి ఇది అలవాటు కావటానికి కొన్ని రోజులు పడుతుంది. ముప్ఫైయేళ్ళకు పైగా ఈ పాఠం చెప్పినవాణ్ణి, పొట్లానికి జరిగింది చూశాను గాని, పిల్లవాడికి ఏమవుతుందో ఆలోచించలేదు.

అర్ధరాత్రి వాడికి తలపోటు పట్టుకున్నది. వాంతులు మొదలైనాయి. నా గుండె కూడా దడదడ కొట్టుకుంటున్నది. వాడి తల్లి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నది. డాక్టరు వచ్చి ప్రాణవాయువు పెట్టించి, "దీనికి అన్నిటికన్నా మంచి మందు కిందికి దిగటమే" అన్నాడు. ఇంకా చీకటి ఉండగానే కారులో ఉరుబంబా లోయకు దిగాము. అక్కడి ఎత్తు సుమారు 2,900 మీటర్లు. సాయంత్రానికి వాడు బంగాళాదుంపల సూపు రెండు గరిటెలు తాగాడు. (బంగాళాదుంపను మొట్టమొదట సాగుచేసింది ఈ ఆండీస్ కొండలలోనే. మన రాయలసీమ చేలలో పండే వేరుశనగకు కూడా పుట్టిల్లు దక్షిణ అమెరికాయే.) మరునాడు వాడు లామాల వెంట పరుగెత్తుతుంటే చూసి, మేమంతా ఊపిరి పీల్చుకున్నాము.

ఈలోగా మా మొదటి తరగతి రైలు వెళ్ళిపోయింది. ప్రవేశపు టిక్కెట్ల తేదీ దాటిపోయింది. ఆ డబ్బు తిరిగి రాలేదు. "పోతే పోయింది. పిల్లవాడు నవ్వుతున్నాడు, అంతే చాలు" అన్నది వాడి బామ్మ.

ఇప్పుడు అట్లాసులో రెండు అంకెలు చూడండి. కుస్కో 3,400. మాచు పిచ్చు 2,430. మేము చూడబోయిన కొండమీది నగరం, మేము దిగిన ఊరికంటె 970 మీటర్లు కిందనే ఉన్నది! కుస్కోలో దిగినరోజే లోయకు వెళ్ళి రెండు రాత్రులు నిద్ర చేసి, తరవాత మాచు పిచ్చు చూసి, కుస్కోను చివరికి ఉంచుకుంటే ఈ కష్టమంతా చాలావరకు తప్పేది. అందుకు కావలసింది ఎక్కువ డబ్బు కాదు, ఎక్కువ రోజులు.

అదృష్టంకొద్దీ టిక్కెట్లు మళ్ళీ దొరికాయి. మామూలు రైలులోనే నది వెంబడి వెళ్ళి, వంకరటింకర ఘాట్ రోడ్డు మీద బస్సులో కొండ ఎక్కాము.

ఆ నగరాన్ని ఏమని చెప్పను! ఇంకాలకు ఇనుము తెలియదు, బండిచక్రం వాడలేదు. అయినా రాతిని రాతితో కొట్టి చెక్కి, సున్నమూ మట్టీ లేకుండా రాయికి రాయి అతికించారు. మంచి గోడలలో ఆ అతుకుల మధ్య కత్తి మొన కూడా దూరదు. అది భూకంపాల దేశం. అందుకే గోడలను కాస్త లోపలికి వాల్చి, గుమ్మాలనూ కిటికీలనూ పైన ఇరుకుగా, కింద వెడల్పుగా కట్టారు. అక్కడ ఏటా దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కొండ జారిపోకుండా మెట్లు మెట్లుగా మళ్ళు కట్టారు. ఒక్కొక్క మడిలో అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక, అన్నిటికీ పైన సారవంతమైన మట్టి. వాననీరు ఇంకి పోతుంది, మట్టి మాత్రం నిలుస్తుంది. ఆ నగరంలో కట్టినదానిలో సగానికి పైగా పని భూమిలోపలే దాగి ఉన్నదని ఇంజనీర్లు లెక్కకట్టారు.

మా వాడు ఒక రాయిని తడమబోయాడు. కాపలాదారు వెంటనే ఈల వేశాడు! కోప్పడకండి. 2000లో ఒక ప్రకటన చిత్రం తీస్తుండగా క్రేను పడి, సూర్యుడికి సంబంధించిన పవిత్రశిల మూల ఒకటి విరిగింది. ఐదువందల ఏళ్ళు నిలిచిన రాయికి ఒక్క క్షణంలో దెబ్బ తగిలింది. ఇప్పుడు టిక్కెట్టు మీద తేదీ, గంట, నడవవలసిన దారి కూడా రాసి ఉంటాయి.

కనుక మీరు వెళ్ళదలిస్తే, నా మాటలు నాలుగు గుర్తుంచుకోండి. మే నుంచి సెప్టెంబరు లోపల వెళ్ళండి. అప్పుడు అక్కడ వానలు తక్కువ. 2010 జనవరిలో వరదలకు రైలుమార్గం తెగి, వేలమంది యాత్రికులు చిక్కుకున్నారు, వారిని హెలికాప్టర్లలో తరలించారు. టిక్కెట్లు నెలల ముందుగా కొనండి. ఇంట్లో పెద్దవారికి గుండెజబ్బు, ఉబ్బసం ఉంటే ముందే డాక్టరును అడగండి. అన్నిటికన్నా ముందు, మీరు ఆగబోయే ప్రతి ఊరి పేరుకు ఎదురుగా దాని ఎత్తు రాయండి.

తిరుగు ప్రయాణంలో లీమాలో దిగగానే మా వాడు మళ్ళీ సంచీ విప్పాడు. కారప్పూస పొట్లం ఎప్పటిలాగే చప్పగా పడి ఉన్నది. "తాతయ్యా, ఈసారి దీన్ని ముందే అడుగుదాం" అన్నాడు. నేను తల ఊపాను. గురువుకు పాఠం చెప్పిన ఆ పొట్లాన్ని అక్కడికక్కడే విప్పి, అందరమూ పంచుకుని తిన్నాము.