పెన్సిల్ ఫ్యాక్టరీలో కాపురం, కోవూరు మిల్లులో పావురాలు

పోయిన నెల మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, వీడియో కాల్‌లో కొత్త ఇల్లు చూపించాడు. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో అద్దెకి తీసుకున్నాడు. గోడలకి సున్నం లేదు, పెయింట్ లేదు, ఎర్ర ఇటుకలు అలాగే కనిపిస్తున్నాయి. కిటికీలు మనిషికంటే ఎత్తు. పైకప్పు ఎంత పైనుందంటే, సగం ఎత్తులో ఇంకో అరలాంటి గది కట్టి అందులో పరుపేసుకున్నాడు. “దీన్ని లాఫ్ట్ అంటారక్కా. ఇక్కడ భలే క్రేజ్” అన్నాడు.

నా భుజం మీంచి ఫోన్‌లోకి తొంగిచూసిన మా అవ్వ అడిగింది: “అటకెక్కి పడుకుంటుండావా అబ్బయ్యా? కింద జాగా లేదా?”

వాడుంటున్నది పాత పెన్సిల్ ఫ్యాక్టరీ. జోసెఫ్ డిక్సన్ అనే ఆయన 1847లో జెర్సీ సిటీలో ఫ్యాక్టరీ పెట్టాడు. ముందు గ్రాఫైటుతో లోహాలు కరిగించే మూసలు చేసేవాళ్లు. తర్వాత పెన్సిళ్లు. అమెరికా బడిపిల్లలందరికీ తెలిసిన పసుపుపచ్చ టైకాండెరోగా పెన్సిల్ ఈ కంపెనీదే. 1980ల్లో కంపెనీ అక్కణ్ణుంచి వెళ్లిపోయాక ఆ కట్టడాలను కూల్చకుండా లోపల వందల ఇళ్లు చేశారు. పేరు కూడా డిక్సన్ మిల్స్ అనే ఉంచారు. మసి అంటిన చేతులు తిరిగిన చోట ఇప్పుడు మావాడు చెప్పులు విప్పి, కాఫీ కప్పు పట్టుకుని తిరుగుతున్నాడు.

ఈ మోజు పుట్టింది నది అవతల, న్యూయార్క్ సోహోలో. అక్కడి గోదాములు, ఫ్యాక్టరీలు ఖాళీ అవుతుంటే 1960ల్లో ఆర్టిస్టులు దొంగచాటుగా కాపురాలు పెట్టారు. వెలుతురు బాగుంటుంది, అద్దె తక్కువ. 1971లో ఆర్టిస్టులు ఉండొచ్చని చట్టం ఒప్పుకుంది. 1973లో అది చారిత్రక ప్రాంతమైంది. ఆ తర్వాత డబ్బున్నవాళ్లొచ్చారు, ఆర్టిస్టులు పోయారు. ముంబయిలోనైతే 1982 సమ్మె తర్వాత బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడి, ఆ జాగాల్లో మాల్స్, టవర్లు లేచాయి. ఆ మిల్లుల్లో తెలంగాణ నుంచి వలసపోయిన మన పద్మశాలీలు కూడా పనిచేశారు. కొన్నిచోట్ల పొగగొట్టం ఒక్కటే మిగిల్చారు, సెల్ఫీలకి పనికొస్తుందని కాబోలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్లోనూ ఒక లాఫ్ట్ ఉంది. ఆ సంగతి ఊరికి తెలీదు.

మాది కోవూరు. గోదావరి ఒడ్డు కొవ్వూరు కాదు (ఆన్‌లైన్ ఆర్డర్లు రెండుసార్లు అక్కడికి పోయొచ్చాయి), నెల్లూరు నుంచి పెన్నా వంతెన దాటగానే వచ్చే కోవూరు. చుట్టూ వరి. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు, అంకణం అంటే 72 చదరపు అడుగులు. వేరే జిల్లావాళ్లతో బేరమాడేటప్పుడు ముందు ఇది చెప్పకపోతే గొడవే. వరి ఉన్నచోట మిల్లులుంటాయి కదా, పడుగుపాడు వైపు పోతుంటే వరసగా కనిపిస్తాయి. ఇప్పుడన్నీ సార్టెక్స్ మిషన్లున్న రేకుల షెడ్లు. వాటి మధ్యలో ఒకటి మాత్రం ఇటుక గోడలతో, తుప్పుపట్టిన పొగగొట్టంతో మూతపడి ఉంది. పేరు రాయను, ఓనర్లు మొహమాటపడతారు.

కాల్ అయిన మర్నాడే అవ్వని స్కూటీ మీద ఎక్కించుకుని పోయాను. వాచ్‌మన్ తెలిసినాయనే, తాళం తీశాడు.

లోపలికి అడుగుపెట్టగానే నిజంగా నోట మాట రాలేదు. తమ్ముడి ఇంటికంటే రెండింతల ఎత్తు. పైన ఈ చివర నుంచి ఆ చివరకి ఇనప ఇరుసు, దాని మీద బెల్టులు తిరిగిన చక్రాలు. దూలాల మీద పావురాలు. పగిలిన కిటికీల్లోంచి ఎండ పలకలు పలకలుగా పడుతోంది. ఊక వాసన ఇంకా పోలేదు. క్వింటాలు వడ్లు ఆడిస్తే 20 కిలోల దాకా ఊకే వస్తుంది, అదే బాయిలర్‌లో పోసి మండించి, ఆ ఆవిరితోనే ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించేవాళ్లు. గోడకి సుద్దతో రాసిన బస్తాల లెక్కలు అలాగే ఉన్నాయి. ఫోటోలు తీసి ఇన్‌స్టాలో పెడితే ఇంటీరియర్ డిజైన్ చేసే ఫ్రెండ్ వెంటనే మెసేజ్ కొట్టింది: “ఎక్కడే ఇది? ఒక్క గోడ కూడా ముట్టుకోవద్దని చెప్పు!”

వెనక్కి తిరిగి చూస్తే అవ్వ లేదు. బయట కళ్లంలో నిలబడి ఉంది.

“లోపలికి రావేంది?”

“మమ్మల్ని లోపలికి ఎప్పుడు రానిచ్చినారు? బెల్టుకి చీర చిక్కుకుంటాదని ఆడోళ్లని గడప దాటనిచ్చేవాళ్లు కాదు. మా పనంతా ఈడనే.”

అవ్వ ఆ మిల్లులో కూలికి పోయిందని తెలుసు. ఏం చేసేదో మాత్రం నేనెప్పుడూ అడగలేదు. ఉడికించిన వడ్లు ఈ సిమెంటు కళ్లంలో ఆరబోసి, కాళ్లతో చాళ్లు చాళ్లుగా తిరగేసేవాళ్లట. పొద్దెక్కేకొద్దీ కింద సిమెంటు కాలుతుంది, పైన వడ్లు కాలుతాయి. మబ్బు పడితే పరుగు. చెబుతూ చెబుతూనే చెప్పులు విడిచి, పాదం పక్కకి వాల్చి, నెమ్మదిగా ఈడ్చుకుంటూ నాలుగడుగులు నడిచి చూపించింది. పగుళ్లలో గడ్డి మొలిచిన ఖాళీ సిమెంటు మీద.

మిల్లు అమ్మేస్తున్నారు. ఓనర్ల పిల్లలు ఒకరు బెంగళూరు, ఒకరు డాలస్. సంక్రాంతి తర్వాత జేసీబీ వస్తుందని, ప్లాట్లేస్తారని వాచ్‌మన్ చెప్పాడు. వాళ్లని తప్పుపట్టలేను. ఇక్కడ రేటు అంకణానికి కడతారు, కట్టడానికి కాదు. ఇటుకల విలువ ట్రాక్టరుకింత. మహా అయితే గుమ్మాలు, దూలాలు విడిగా కొనుక్కుపోతారు. పైగా 2021 నవంబరు వరదలకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే మునిగిన ప్రాంతమిది. ఇక్కడ లక్షలు పోసి లాఫ్ట్‌లో ఉండేదెవరు? హైదరాబాద్‌లో ఫలక్‌నుమా 2010లో హోటల్ అయింది, నిజమే. కానీ అది ప్యాలెస్. అందరూ అందంగా ఉందని ఒప్పుకున్నాకే దాని జోలికి వెళ్లారు. మిల్లుకి ఆ అదృష్టం లేదు. మా మండలంలోనే పోతిరెడ్డిపాలెం చక్కెర ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి మూతపడి ఉంటే, దాన్ని చూసి అందం గురించి మాట్లాడినవాళ్లు ఒక్కరు లేరు.

అయినా నాకు మనసొప్పడంలేదు. అంత ఎత్తు కప్పు కింద మే నెలలో కూడా ఊపిరాడుతుంది. పాటూరు నేతగాళ్లు చీరలు అమ్ముకునే హాలు పెట్టొచ్చు, పిల్లలకి లైబ్రరీ పెట్టొచ్చు. ఓనరు కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను కూడా. మర్యాదగా విన్నాడు. “మంచి ఐడియానే అక్కా, డబ్బులెవరు పెడతారు?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం తమ్ముడు మళ్లీ కాల్ చేశాడు. అవ్వ ఫోన్ లాక్కుంది.

“అబ్బయ్యా, నువ్వుండే ఫ్యాక్టరీలో పన్జేసినోళ్లు ఇప్పుడు యాడ ఉండారు?”

వాడు కాసేపు ఆగాడు. “తెలీదు అవ్వా. కింద ఆఫీసులో అడుగుతాలే.”

“అడుగు” అనింది అవ్వ. తర్వాత నావైపు తిరిగి, “నువ్వు మిల్లు బొమ్మలన్నీ తీసినావు, కళ్లం తియ్యలేదే?”

మర్నాడు పొద్దున మళ్లీ పోయి తీశాను. ఫోటోలో చూడ్డానికి ఏమీ లేదు. తెల్లటి సిమెంటు, పగుళ్లు, ఓ మూల అవ్వ నీడ. ఇన్‌స్టాలో పెట్టలేదు. అవ్వ ఫోన్‌కి పంపాను.